తుప్పు నష్టం, నివారణ విలువ: సిద్దిపేట తాగునీటి గొట్టాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సిద్దిపేట ప్రాంతానికి జీవనది లేదు. చెరువులు, బావులు, ఆ తరువాత బోర్లు ఇక్కడి ప్రజల తాగునీటికి ఆధారమయ్యాయి. 1990ల చివరిలో దిగువ మానేరు జలాశయం నుంచి నీటిని తెచ్చిన పథకం, 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ ఈ స్థితిని మార్చాయి. దూరపు జలాశయాల నీటిపై ఆధారపడిన నాటినుంచి తాగునీటి భద్రత, భూమిలో పాతిన గొట్టాల ఆయుష్షుతో ముడిపడింది. ఇనుప గొట్టాల ఆయుష్షును తగ్గించే ప్రధాన కారణాలలో తుప్పు ఒకటి.

2. నష్టాన్ని లెక్కించిన చరిత్ర

తుప్పు ఇనుమంత పాతది. దాని నష్టాన్ని జాతీయ ఆదాయంతో పోల్చి లెక్కించడం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలోనే సాధ్యమైంది. అమెరికాలో ఈ నష్టం ఏటా 550 కోట్ల డాలర్లని 1949లో హెర్బర్ట్ ఉలిగ్ అంచనా వేశాడు. బ్రిటన్‌లో హోర్ కమిటీ 1971లో దానిని 136.5 కోట్ల పౌండ్లుగా, అనగా జాతీయోత్పత్తిలో సుమారు 3.5 శాతంగా నిర్ణయించింది. అప్పటికే తెలిసిన పద్ధతులను సక్రమంగా పాటిస్తే అందులో 31 కోట్ల పౌండ్లు మిగిలేవని కూడా తేల్చింది. లోపం శాస్త్రజ్ఞానంలో కన్నా ఆచరణలోనే ఎక్కువగా ఉందని దీనివల్ల స్పష్టమైంది. 2016లో వెలువడిన నేస్ సంస్థ అధ్యయనం ప్రపంచ నష్టాన్ని 2.5 లక్షల కోట్ల డాలర్లుగా, భారతదేశ నష్టాన్ని స్థూల దేశీయోత్పత్తిలో 4.2 శాతంగా అంచనా వేసింది. నివారణ ద్వారా 15 నుంచి 35 శాతం ఆదా చేయవచ్చని పేర్కొంది.

3. నివారణ మార్గాలు

1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులకు జింకు, ఇనుము ముక్కలు జోడించి రాగి క్షయాన్ని అరికట్టాడు. అయితే క్షయం ఆగిన రాగిపై సముద్రజీవులు పేరుకొని ఓడల వేగం తగ్గింది. నివారణ విలువను మొత్తం వ్యవస్థ దృష్ట్యా లెక్కించాలని ఈ అనుభవం తెలుపుతుంది. డేవీ చూపిన సూత్రమే నేడు భూగర్భ ఉక్కు గొట్టాలను కాపాడుతున్నది. డక్టైల్ ఐరన్ గొట్టాలకు లోపల సిమెంటు పూత, వెలుపల జింకు, తారు పూతలు వేస్తారు. సిమెంటులోని క్షారగుణం వల్ల ఇనుముపై పలుచని రక్షక పొర ఏర్పడుతుంది. గొట్టాలను దించేటప్పుడో, అతికేటప్పుడో పూత చెదిరితే క్షయం అక్కడే మొదలవుతుంది.

4. ముగింపు

పూత ఖర్చు అంచనా పత్రంలో ఒకేచోట కనిపిస్తుంది. తుప్పు నష్టం మాత్రం కారిన నీరు, వృథా అయిన విద్యుత్తు, తవ్విన రోడ్లు, మార్చిన గొట్టాల రూపంలో అనేక పద్దుల్లో చెదిరిపోతుంది. సిద్దిపేటకు నీరు ఎత్తిపోతల ద్వారా చేరుతుంది కనుక కారిపోయే ప్రతి చుక్కతో పాటు దానిని ఎత్తిన విద్యుత్తూ పోతుంది. సరఫరా ఆగిన ఊరు తిరిగి బోరునీటిని ఆశ్రయించవలసి వస్తుంది. ఆ భారం ఏ పద్దులోనూ చేరదు. కనుక ప్రారంభోత్సవ తేదీతో పాటు నిర్వహణ దస్త్రాలనూ భద్రపరచినప్పుడే ఈ పథకాల ఆర్థిక చరిత్ర సమగ్రమవుతుంది.