అమెజాన్ నదీతీర పల్లెలు: నివాస హక్కు ఉంది, విక్రయ హక్కు లేదు

బ్రెజిల్‌లోని అమెజాన్ వర్షారణ్యంలో నదుల ఒడ్డున నివసించేవారిని 'రిబెయిరిన్యోలు' అంటారు. చేపల వేట, కర్రపెండలం సాగు, అసాయీ పండ్ల సేకరణ వీరి ప్రధాన జీవనాధారాలు. మనౌస్ వద్ద రియో నెగ్రో నీటిమట్టం ఏటా సుమారు 10 మీటర్ల మేర పెరిగి తగ్గుతుంది. అందుకే అనేక ఇళ్లను కొయ్య స్తంభాలపైనో, నీటిపై తేలే దుంగలపైనో నిర్మిస్తారు. రహదారి లేని పల్లెలకు పడవే ఆధారం. 2023, 2024 కరవుల్లో నీటిమట్టాలు రికార్డు కనిష్ఠానికి పడిపోవడంతో పలు గ్రామాలకు ఆహారం, ఔషధాలు, తాగునీరు అందడం కష్టమైంది.

రబ్బరు కార్మిక నేత చికో మెండెస్ 1988లో హత్యకు గురయ్యారు. అనంతరం 1990లో అటవీ ఉత్పత్తుల సేకరణ కోసం తొలి రిజర్వులు ఏర్పాటయ్యాయి. వీటిలో భూమి ప్రభుత్వానిదే. స్థానికులకు దక్కేది వినియోగ హక్కు మాత్రమే. దీనివల్ల భూమి బయటివారి పాలు కాదు. అయితే దానిని తాకట్టు పెట్టి రుణం పొందే వీలూ ఉండదు.