మాధవాయపాలెం బట్టకు నంబరు వేసిందెవరు?

నరసాపురం పక్కన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మాధవాయపాలెం పేరు ఒకప్పుడు లండన్ బట్టల వర్తకులందరికీ తెలుసు. వాళ్ల నోట అది ‘మడపొల్లాం’ అయింది. కాలికోకూ మస్లిన్‌కూ మధ్య రకంగా ఉండే తెల్లటి నూలుబట్టకు ఆ పేరే స్థిరపడిపోయింది. ఊరికి అంత పేరు రావడానికి నేత ఎంత కారణమో తనిఖీ కూడా అంతే కారణం. నేసి తెచ్చిన ప్రతి తానునూ వెలుతురులో పరిచి, పోగుల చిక్కదనం చూసి, మచ్చుబట్టతో పోల్చి, ఇది ఒకటో నంబరు, ఇది రెండో నంబరు, ఇది పనికిరాదు అని తేల్చేవాళ్లు. ఇవాళ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ కంట్రోల్ ఇన్‌స్పెక్టర్ చేసే పని గోదావరి డెల్టాలో మూడు వందల ఏళ్ల కిందటే సాగింది. ఆ పనికి కావలసిన విద్య మగ్గాల దగ్గర పుట్టింది. తీర్పు చెప్పే అధికారం మాత్రం కోఠీకి, అంటే విదేశీ వర్తకుల గిడ్డంగికి, పోయింది.

17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు పాలకొల్లులో వర్తకం పెట్టారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మాధవాయపాలెంలో దిగింది. మద్రాసు కోట నుంచి కంపెనీ పెద్ద స్ట్రైన్‌షామ్ మాస్టర్ 1679లో ఈ కోఠీని చూడటానికి వచ్చి, తన దినచర్యలో రాసుకున్నాడు. తర్వాత యానాం దగ్గర ఇంజరంలోనూ, కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న బెండమూర్లంకలోనూ ఇంగ్లీషువాళ్ల కోఠీలు వెలిశాయి. యానాంలో ఫ్రెంచివాళ్లు ఉండనే ఉన్నారు. ఇంత చిన్న డెల్టాలో ఇన్ని దేశాల వర్తకులు ఒకే సరుకు కోసం పోటీ పడ్డారు.

ఆ సరుకు తయారీ చిన్న పనేమీ కాదు. పత్తి చాలావరకు దక్కను నుంచి బంజారాల ఎద్దుల మీద వచ్చేది. నూలు వడకడం ఊళ్లలో ఆడవాళ్ల పని. దేవాంగులు, పద్మశాలీలు, కర్ణభక్తులు నేసేవాళ్లు. చాకళ్లు మంచి నీళ్లున్న చోట్ల ఉతికి, ఎండలో పరిచి తెలుపు తెచ్చేవాళ్లు. ఇంతమంది చేతుల్లో ఎక్కడ చిన్న లోపం జరిగినా చివరికి బట్టలోనే కనిపిస్తుంది.

అందుకే మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలకు మొదట అబ్బేది తప్పు పట్టే చూపు. కండెలు చుట్టే వయసులోనే సన్నపోగు ఏదో లావుపోగు ఏదో వేళ్లకు తెలిసిపోయేది. ఆసు పోసేటప్పుడు పోగుల లెక్క తప్పకూడదు. వీధిలో పడుగు సాచి గంజి పెట్టేటప్పుడు తెగిన పోగు కనిపిస్తే వెంటనే ముడి వేయాలి. పన్నెలో ఒక పోగు తప్పితే తాను పొడవునా సన్నటి గీత పడుతుంది. పేక దెబ్బ ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా పడితే బట్ట చారలు తేలుతుంది. ఈ పాఠాలకు పుస్తకం లేదు. తండ్రి పక్కన మగ్గం గుంటలో కూర్చుని, తప్పు చేసి, విప్పి, మళ్లీ నేసి నేర్చుకున్నవే.

బట్ట నాణ్యతకు ఒక లెక్క కూడా ఉండేది. పడుగులో పోగులను పుంజాల చొప్పున లెక్కించేవాళ్లు. ఒకే పన్నాలో ఎన్ని ఎక్కువ పుంజాలుంటే బట్ట అంత సన్నం, అంత చిక్కన, అంత ఖరీదు. పద్నాలుగు పుంజాల బట్టంటే ఏమిటో నేతగాడికీ, వర్తకుడికీ, గుమాస్తాకూ ఒకేలా అర్థమయ్యేది. యూరప్ వర్తకులు సొంత కొలత ఏదీ తెచ్చి పెట్టలేదు. డెల్టాలో ఉన్న ఈ కొలతనే తీసుకుని తమ పద్దుల్లోకి ఎక్కించుకున్నారు. తనిఖీ చరిత్రలో ఈ ఒక్క సంగతిని మరిచిపోతే మిగతాదంతా తలకిందులుగా అర్థమవుతుంది.

వాళ్లు మార్చింది వేరే ఉంది. ఇక్కడి వాడుక బట్ట ఒక మనిషి కట్టుకునేంత పొడవు ఉంటే చాలు. ఎగుమతికి అడిగింది సుమారు 36 గజాల తాను. దాన్ని లాంగ్ క్లాత్ అన్నారు. పంచె పొడవున చేయి నిలకడగా ఉంటే సరిపోయే పనివాడు ఇప్పుడు రోజుల తరబడి, మొదటి గజం ఎలా ఉందో చివరి గజం అలాగే నేయాలి. ఇంట్లో వాడుకునేవాడైతే నూలులో చిన్న తేడా వచ్చినా సర్దుకుపోతాడు. సముద్రం అవతల కొనేవాడు సర్దుకోడు. ఒకేలాంటి తానులు వందల కొద్దీ రావాలన్న పట్టుదల ఈ వర్తకంతోనే డెల్టాకు వచ్చింది.

దానికి సాధనం మచ్చు. ఒప్పందం కుదిరేటప్పుడు మచ్చు తానుకు ముద్ర వేసి కోఠీలో దాచేవాళ్లు. నేసిన సరుకు వచ్చాక దాన్ని తీసి పక్కన పరిచి పోల్చేవాళ్లు. మొదటి తనిఖీ ఉతకని బట్టకు. పొడవు, పన్నా, పోగు చూసి తీసుకుంటారు. ఉతికి వచ్చాక మళ్లీ చూస్తారు. గంజి ఉన్నప్పుడు చిక్కగా కనిపించిన బట్ట గంజి పోయాక పలచబడవచ్చు. మగ్గం మీద దాగిన తప్పు చాకిరేవులో బయటపడుతుంది. ఆ తర్వాతే నంబర్లు వేసి బేళ్లు కట్టి ఓడకు పంపడం. లండన్‌లో డైరెక్టర్లకు నచ్చకపోతే బట్ట పలచబడిందనో, పొడవు తగ్గిందనో మరుసటి ఓడలో ఉత్తరం వచ్చేది.

మరి ఆ నంబర్లు వేసే దొరలు ఈ విద్య ఎక్కడ నేర్చారు? కంపెనీ కొలువులో చేరిన కుర్రవాడు మొదట రైటర్, అంటే రాతగాడు. కొన్నేళ్లకు ఫ్యాక్టర్, ఆపైన జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. తొలిరోజుల్లో మద్రాసు కోటలో కౌన్సిల్ సభ్యులే గోదాములో కూర్చుని తానులు వేరుచేసేవాళ్లు. లండన్ నుంచి వచ్చిన కుర్రవాడికి పడుగు, పేక తేడా కూడా తెలిసి ఉండదు. పక్కనున్న దుబాసీ, గుమాస్తా, బట్టను చేత్తో తడిమి లోపం చెప్పగల స్థానికులు అతనికి గురువులయ్యారు. శిష్యుడి సంతకం పద్దులో మిగిలింది. నేర్పినవాడి చేయి పద్దుకెక్కలేదు. తెలుగు పనివాళ్ల చరిత్రలో పూడ్చవలసిన గుంటల్లో ఇదొకటి.

నంబరు అంటే ధర. ఇక్కడే కథ చేదవుతుంది. ఒకటో నంబరుకని నేసిన తాను రెండో నంబరులో పడితే నేతగాడి కూలి కోసుకుపోతుంది. వర్తకులు పోటీ పడిన రోజుల్లో అతనికో దారి ఉండేది. బయానా తిరిగి ఇచ్చేసి ఒప్పందం తెంచుకోవచ్చు, బట్ట మరొకరికి అమ్ముకోవచ్చు. 1765లో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కాయి. బేరగాడే పాలకుడయ్యాడు. కంపెనీ క్రమంగా మధ్యవర్తి వర్తకులను తప్పించి, తన గుమాస్తాల ద్వారా నేరుగా నేతగాళ్లకు బయానాలు ఇచ్చింది. ఇతరులకు నేయకుండా బంట్రోతులను కాపలా పెట్టింది. తిరగ్గొట్టిన తాను నేతగాడి నెత్తిన పడింది, బయానా బాకీ అలాగే ఉండిపోయింది. కొనేవాడు, తనిఖీ చేసేవాడు, శిక్షించేవాడు ఒక్కడే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? 18వ శతాబ్దం చివరికి డెల్టా నేత ఊళ్లలో మగ్గాలు ఆపడం, కులపెద్దల వెంట గుమిగూడి అర్జీలు పెట్టడం మొదలైంది.

నేతగాళ్ల వైపు తప్పే లేదని కాదు. బియ్యం, నూలు ధరలు పెరిగి కొనుగోలు ధర కదలనప్పుడు కొందరు పోగులు తగ్గించి నేశారు. కోఠీ పద్దుల్లో అది మోసం. పొయ్యి వెలిగించవలసిన ఇంట్లో అది లెక్క సరిచేసుకోవడం. తనిఖీ ఎంత బిగించినా ధర బిగుసుకున్నచోట నాణ్యత నిలవదని ఆ కోఠీల అనుభవమే చెబుతోంది.

1813లో భారతదేశంతో వర్తకంపై కంపెనీ గుత్తాధికారం పోయింది. మాధవాయపాలెం కోఠీ ఆ తర్వాత కొన్నేళ్లు నడిచి మూతపడింది. అప్పటికి లాంకషైర్ మరమగ్గాల బట్ట వచ్చి పడుతోంది. అందులో మడపొల్లాం కూడా ఉంది! గోదావరి ఒడ్డు ఊరి పేరుతో ఇంగ్లండులో నేసిన బట్ట ఇక్కడి బజార్లలోనే అమ్ముడుపోయింది. రాజమండ్రి జిల్లా దుస్థితిని విచారించిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక ఇచ్చాడు. అప్పటికి ఇక్కడి నేత ఎగుమతి కుప్పకూలింది. మూడేళ్లకు ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై పొలాలకు ప్రాణం వచ్చింది. మగ్గాలకు మాత్రం ఆ అదృష్టం పట్టలేదు.

దాదాపు నూరేళ్ల తర్వాత డెల్టా సరుకుకు మరో తనిఖీ జరిగింది. ఈసారి వస్తువు కలం. రాజమండ్రిలో కె.వి. రత్నం స్వదేశీ ఫౌంటెన్ పెన్ తయారీకి పూనుకున్నారు. తొలిసారి పంపిన కలంలో పరదేశపు భాగాలున్నాయని గాంధీజీ ఒప్పుకోలేదని రాజమండ్రిలో చెప్పుకుంటారు. రత్నం మళ్లీ చేశారు. ఆ కలం గాంధీజీకి జె.సి. కుమారప్ప ద్వారా అందింది. కుమారప్ప లండన్‌లో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివిన మనిషి, 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘానికి కార్యదర్శి. లెక్క చూడటం ఆయన వృత్తి. 1935 జూలైలో గాంధీజీ వార్ధా నుంచి రత్నంగారికి ఉత్తరం రాశారు. కలాన్ని వాడి చూశానని, బజారులోని విదేశీ కలాలకు బదులుగా పనికొస్తుందని అందులోని సారాంశం. వాడి చూసి మరీ చెప్పడం ఈ తనిఖీలో గొప్ప సంగతి.

ఎబొనైటు కడ్డీని లేతు మీద తిప్పి, లోపల తొలిచి, మూత మర సరిపోయేలా కోసే ఆ పనిలో పరీక్ష పనివాడిదే. మర వదులైతే సిరా కారుతుంది. సిరా పోసి, రాసి, పాళీ గీకుతోందో జారుతోందో చూసి సరిచేయాలి. పాళీ ఎలా ఉండాలో చెప్పేది కొనేవాడు రాసే తీరు. తయారుచేసినవాడూ వాడేవాడూ ఎదురెదురుగా కూర్చుని నాణ్యత తేల్చుకునే ఈ పద్ధతిలో మాధవాయపాలెం కోఠీ అన్యాయానికి తావు లేదు.

డెల్టాలో మిగతా పనులన్నీ అలా సాగలేదు. నరసాపురం లేసు ఇళ్లలో ఆడవాళ్లు అల్లుతారు. చేతిపని ఒకరిది, ముక్కలు కలిపే అతుకుపని మరొకరిది, ఎగుమతి ఇంకెవరిదో. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982 నాటి తన పుస్తకంలో ఈ గొలుసును వివరంగా చూపించారు. నాణ్యత మాట గొలుసు పైనుంచి వస్తుంది, కూలి కిందికి వచ్చేసరికి చిక్కిపోతుంది.

డెల్టా రొయ్యల ఎగుమతిలోనూ కొలత కొనేవాడిదే. 1997 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ భారత సముద్ర ఉత్పత్తులను పరిశుభ్రత సరిగా లేదని ఆపేసింది. దేశమంతటా ప్రాసెసింగ్ ప్లాంట్లు పద్ధతులు మార్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు భీమవరం, కాకినాడ ప్రాంతాల్లో తనిఖీ పనికి చేరే యువతీ యువకులు ఉష్ణోగ్రత నమోదు, సూక్ష్మజీవుల పరీక్ష, యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష నేర్చుకుంటారు. విశాఖపట్నంలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం కూడా ఉంది. వేళ్లతో నేర్చిన విద్య స్థానంలో యంత్రం చదివే విద్య వచ్చింది. తినే సరుకు కాబట్టి అది రావలసిందే.

ఉప్పాడ జాందానీ చీరలకూ, 2024లో నరసాపురం క్రోషే లేసుకూ భౌగోళిక గుర్తింపు దక్కింది. ఈ గుర్తింపు కోసం పెట్టే దరఖాస్తులో తనిఖీ ఏర్పాటు ఏమిటో, ఎవరు చూస్తారో రాయాలి. 18వ శతాబ్దంలో నేతగాడిని ఎవరూ అడగని ప్రశ్న అది. ఇప్పుడు చట్టమే అడుగుతోంది. ఆ తనిఖీ బృందంలో అధికారులు, ఎగుమతిదారులతో పాటు ఇవాళ మగ్గం మీద కూర్చునేవాళ్లు, లేసు అల్లేవాళ్లు కూడా ఉండాలి. తీసిపారేసిన ముక్కకు కారణం ఏమిటో వాళ్లకు రాసి ఇవ్వాలి. దాని మీద తిరిగి అడిగే హక్కూ వాళ్లకు ఉండాలి.