పాత మోటారు సైకిళ్లు: గరిష్ఠ వేగం, యాంత్రిక విశ్వసనీయత – నెల్లూరు తీరం ఆధారంగా ఒక పరిశీలన

మద్రాసు నుంచి నెల్లూరు మీదుగా కలకత్తా వైపు సాగే జి.ఎన్.టి. రోడ్డు, దానికి సమాంతరంగా తీరం వెంబడి పోయే బకింగ్‌హాం కాలువ నెల్లూరు జిల్లా ఆర్థిక జీవితంలో ఎటువంటి పాత్ర వహించాయో గత పాఠంలో చూశాం. ఈ పాఠంలో అదే రోడ్డు మీద, దాని నుంచి సముద్రం వైపు చీలే దారుల మీద, 1955 నుంచి 1996 వరకు తిరిగిన మోటారు సైకిళ్లను పరిశీలిద్దాం. చరిత్ర పాఠంలో మోటారు సైకిల్‌కు చోటేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నాగలి, మగ్గం, పడవ చరిత్రకు ఆధారాలైనప్పుడు ఇదీ అవుతుంది. పైగా దీనిని నడిపినవారు, బాగుచేసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని అడిగి తెలుసుకునే వీలుంది. అడిగేటప్పుడు ఎంత జాగ్రత్త అవసరమో చెప్పడమే ఈ పాఠం ముఖ్యోద్దేశం.

"ఎనభై మీద పోయాను"

పాత బండి నడిపిన పెద్దమనిషిని ఎవరినైనా కదిలించండి. మొదట చెప్పేది వేగం గురించే. "ఆ రోజుల్లో గూడూరు నుంచి నెల్లూరుకు ఎనభై మీద పోయాను" అంటారు. ఈ వాక్యాన్ని అలాగే నోట్‌బుక్‌లో రాసుకుంటే పొరపాటే. ఎనభై అంటే ఏమిటి? మైళ్లా, కిలోమీటర్లా? మన దేశంలో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది. మెట్రిక్ పద్ధతి ఆ తర్వాతి కొన్నేళ్లలో క్రమంగా అమలైంది. అంతకు ముందు ఇంగ్లండు నుంచి వచ్చిన బండ్ల మీటర్లు మైళ్లలో ఉండేవి. ఎనభై మైళ్లంటే దాదాపు 129 కిలోమీటర్లు. ఆనాటి 350 సి.సి. బుల్లెట్‌కు అది అందే వేగం కాదు. ఎనభై కిలోమీటర్లయితే చాలా మామూలు వేగం. ఒకే మాటలో గొప్పా ఉండవచ్చు, మామూలూ ఉండవచ్చు.

మీటరు కూడా పూర్తిగా నమ్మదగిన సాక్షి కాదు. చక్రం తిరుగుడును ఒక కేబుల్ మీటరు దాకా తెస్తుంది. అక్కడ తిరిగే అయస్కాంతం ఒక చిన్న అల్యూమినియం గిన్నెను లాగుతుంది. సన్నని స్ప్రింగు దానిని వెనక్కు పట్టి ఉంచుతుంది. స్ప్రింగు అలసిపోయినా, కేబుల్ అరిగినా, టైరు మారినా ముల్లు తప్పు చూపుతుంది. పాత బండ్లలో ముల్లు ఒకచోట నిలవక అరవై నుంచి తొంభై దాకా ఊగుతూ ఉండేది. ఊగే ముల్లులో మనిషికి గుర్తుండేది పై అంకే.

వీటన్నిటికంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ఆనాటి చాలా బండ్లకు 6 వోల్టుల దీపాలు, డ్రమ్ము బ్రేకులు. రోడ్డు మీద దీపం లేని ఎడ్లబండ్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనుకు 22 మీటర్లు పోతుంది. కన్ను చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 22 మీటర్లు అయిపోతాయి. కాబట్టి గరిష్ఠ వేగం గురించి ఈనాడు మనకు చెప్పేవారంతా ఆ వేగం నుంచి క్షేమంగా ఇల్లు చేరినవారే. చేరనివారి వాంగ్మూలం మన దగ్గర లేదు. మౌఖిక చరిత్రలో ఈ లోటును ఎల్లప్పుడూ గుర్తుపెట్టుకోవాలి.

తిరువొత్తియూరు నుంచి వచ్చిన బండి

బ్రిటన్‌లోని రెడిచ్ పట్టణంలో తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌ను మన సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఎంచుకుంది. 1955లో ఆ సంస్థ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేసింది. మద్రాసుకు ఉత్తరాన సముద్రపు ఒడ్డునే ఉన్న తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలను బిగించేవారు. 1960వ దశకం తొలి ఏళ్లకు భాగాలన్నీ ఇక్కడే తయారవసాగాయి. బ్రిటన్‌లోని మాతృసంస్థ 1970లో మూతపడినా మద్రాసు కర్మాగారం ఆగలేదు. వలస పాలన ముగిసిన తర్వాత పిల్ల సంస్థ తల్లిని మించి బతికిన ఉదాహరణలు పరిశ్రమల చరిత్రలో ఎక్కువ లేవు.

నెల్లూరుకు ఈ కర్మాగారం ఒక పూట ప్రయాణం. బుల్లెట్ ఇక్కడ నిలదొక్కుకోవడానికి అది ఒక కారణం. రెండవది దాని ఇంజిన్ స్వభావం. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, శక్తి సుమారు 18 హార్స్‌పవర్. నిమిషానికి 5600 చుట్ల దగ్గర ఆ శక్తి పూర్తిగా వస్తుంది. ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఒక చుట్టులో పిస్టన్ పైకి 90, కిందికి 90, మొత్తం 180 మిల్లీమీటర్లు కదులుతుంది. 5600 చుట్లకు సగటున సెకనుకు 16.8 మీటర్ల వేగం. పోత ఇనుప సిలిండర్‌కు, గాలితో మాత్రమే చల్లబడే ఇంజిన్‌కు ఇది చాలా ఎక్కువ. అదే బండి గంటకు 60 కిలోమీటర్ల దగ్గర టాప్ గేరులో సుమారు 3000 చుట్లు తిరుగుతుంది. అప్పుడు పిస్టన్ వేగం 9 మీటర్లే. చుట్లు పెరిగిన నిష్పత్తికి వర్గంగా భాగాల మీద బలం పెరుగుతుంది కనుక, గరిష్ఠ వేగంలో కనెక్టింగ్ రాడ్డు మోసే భారం 60 దగ్గర మోసేదానికి దాదాపు మూడున్నర రెట్లు.

ఆ రాడ్డు కింది కొసన ఉండే బిగ్ ఎండ్ బేరింగు బంతులదో, రోలర్లదో కాదు. అది నూనె పొర మీద తేలే బుష్. నూనె సరిగా అందినంత కాలం ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం పూర్తి వేగంతో గంటసేపు నడిపితే నూనె పలచబడి, పొర తెగి, బుష్ తినేస్తుంది. బుల్లెట్ మన్నికైన బండి అన్న మాటా నిజమే, పెళుసు బండి అన్న ఫిర్యాదూ నిజమే. రెండూ ఒకే యంత్రం గురించి వేర్వేరు వేగాల దగ్గర చెప్పిన మాటలు.

ఇంతకూ ఆ తొందర వల్ల కలిసొచ్చేదెంత? కావలి నుంచి నెల్లూరుకు సుమారు 55 కిలోమీటర్లు. నిలకడగా 60 మీద వస్తే 55 నిమిషాలు, 80 మీద వస్తే 41 నిమిషాలు. మిగిలేది పద్నాలుగు నిమిషాలు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి మాత్రం వేగానికి ఘనంగా పెరిగి రెండింతలు దాటుతుంది. దారిలో ఒక్క పంక్చరు పడితే పద్నాలుగు నిమిషాలూ పోయి, ఇంకో పావుగంట అప్పు పడుతుంది.

లీటరుకు ఎంత ఆయిల్?

బుల్లెట్ కొనగలిగినవారు తక్కువ. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1960వ దశకం మొదట్లో చెకొస్లొవేకియా నమూనాతో జావా 250ని, 1973 నుంచి యెజ్డీ పేరుతో బండ్లను తయారు చేసింది. ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ నమూనాను ఆధారం చేసుకుని రాజ్‌దూత్ 175ని తెచ్చింది. ఇవి టూ స్ట్రోక్ బండ్లు. వీటికి వాల్వులు లేవు, ఇంజిన్ అడుగున వేరే నూనె లేదు. పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. ఇరవై పాళ్లకో పాతిక పాళ్లకో ఒక పాలు, అంటే లీటరుకు 40 నుంచి 50 మిల్లీలీటర్లు. విప్పడం, బిగించడం తేలిక. స్ట్రోకు పొట్టిది కనుక పిస్టన్ వేగం కూడా అదుపులో ఉంటుంది. కానీ ఇంజిన్ ప్రాణం కొలపాత్ర పట్టుకున్న చేతిలో ఉంటుంది. ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సర్ మూసుకుపోతుంది.

ఈ విషయం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980వ దశకం తొలి ఏళ్లలో, ఒక సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్ బండి కొన్నాను. ఒకరోజు తొందరలో ఆయిల్ కొలవకుండా కంటిచూపుతో పోసి, మైపాడు నుంచి నెల్లూరుకు థ్రాటిల్ పూర్తిగా తిప్పి వస్తున్నాను. సగం దారిలో వెనక చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద జారింది. క్లచ్చు పట్టడం తెలిసి ఉండబట్టి పడలేదు. బండిని తోసుకుంటూ షెడ్డుకు చేరాను. మేస్త్రీ సిలిండర్ విప్పి, గీతలు పడిన పిస్టన్ నా చేతిలో పెట్టి, "బండి తప్పు లేదు సార్, చెయ్యి తప్పు" అన్నాడు. బోరింగు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించడానికి ఆ నెల జీతంలో పెద్ద భాగమే పోయింది. ఆ బండి మొండికేసింది అని కొన్నాళ్లపాటు మిత్రులతో నేనే చెప్పుకున్నాను. నన్నెవరైనా ఇంటర్వ్యూ చేసి ఉంటే ఆ బండి మన్నిక లేనిదని చరిత్రలో నమోదై ఉండేది.

ఉప్పు గాలి, ఇసుక దారి

తీరప్రాంతంలో బండిని తినేసేది వేగం ఒక్కటే కాదు. ఇసకపల్లి ఉప్పుమళ్ల పక్కన రాత్రి నిలిపిన బండికి తెల్లారేసరికి తడి ఉప్పు పొర పడుతుంది. బ్యాటరీ కొసలు పచ్చబారతాయి, చువ్వలు తుప్పు పడతాయి, కాంటాక్ట్ పాయింట్ల మీద పొర కట్టి స్పార్కు రాదు. అందుకే తీరగ్రామాల్లో చాలామంది జేబులో చిన్న ఉప్పుకాగితం ముక్క, ఒక పాత ప్లగ్గు ఉండేవి. ఇసుక చైనులో చేరి పళ్లచక్రాన్ని ఆకురాయిలా అరగదీసేది. జావాకు చైనును పూర్తిగా మూసి ఉంచే కవచం ఉండటం ఇక్కడ పెద్ద మేలు. బోహీమియా రోడ్ల బురద కోసం ఆలోచించినది కాబోలు, మన ఇసుకకూ పనికొచ్చింది. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్య కట్ట మీదుగా శ్రీహరికోటకు వెళ్లే ఉద్యోగుల బండ్లదీ ఇదే అవస్థ. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న చోటికి, పాయింట్లు రుద్ది కిక్కు కొట్టిన బండి మీద వెళ్లినవారు ఉన్నారు!

ఇక్కడ మనం విశ్వసనీయత అనే మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. పాడుకాకపోవడం ఒక రకం. పాడైతే ఆ ఊరిలోనే, ఆ పూటలోనే బాగుపడటం మరో రకం. లైసెన్సుల కాలంలో కొత్త బండి దొరకడమే కష్టం కనుక, రెండవ రకం విశ్వసనీయతకే విలువ. ఒక లేత్ మిషను, గ్యాస్ వెల్డింగు, చింతచెట్టు కింద షెడ్డు, బడి మానేసి రెంచీలు అందించే పిల్లవాడు – ఇవి లేకుండా ఆ బండ్ల మన్నిక లేదు. కంపెనీల చరిత్రలలో ఈ షెడ్ల పేర్లు కనిపించవు. ఆ పిల్లవాడు పెట్రోలుతో చేతులు కడుక్కుంటూ చదువు పోగొట్టుకున్న సంగతి అసలే కనిపించదు. పాత బండ్లు గట్టివి అని మనం మెచ్చుకునేటప్పుడు, ఆ గట్టిదనంలో కొంత వాడి బాల్యం.

1984 తర్వాత

జపాన్ సంస్థల సహకారంతో 1984లో హోసూరు నుంచి ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సి.డి.100, అదే ఏడాది యమహా ఆర్.ఎక్స్.100 వచ్చాయి. అంతకు ముందు 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350, వేగంలో అప్పటి బండ్లన్నిటినీ దాటింది. పెట్రోలు ఖర్చు భరించలేక, స్పేరు భాగాలు దొరక్క అది కొద్ది ఏళ్లకే ఆగిపోయింది. మన చర్చకు ఇది మంచి సాక్ష్యం. వేగం గెలిచింది, బండి ఓడింది.

ఆర్.ఎక్స్.100కి బోరూ స్ట్రోకూ 50 మిల్లీమీటర్లే. 7500 చుట్ల దగ్గర సుమారు 11 హార్స్‌పవర్ ఇస్తుంది. పిస్టన్ వేగం లెక్క కడితే 12.5 మీటర్లు, పూర్తి వేగంలో బుల్లెట్ కంటే తక్కువ. చిన్న బండి ఎక్కువ తిరిగినా తక్కువ శ్రమపడటంలోని రహస్యం ఇదే. సి.డి.100 అంత చురుకైనది కాదు. కానీ ఫోర్ స్ట్రోక్ కావడం వల్ల పెట్రోలులో ఆయిల్ కలిపే పని తప్పింది. చెయ్యి తప్పు చేసే అవకాశాన్నే అది తీసివేసింది.

ఈ బండ్లు వచ్చిన సమయం తీరానికి కలిసొచ్చింది. 1990వ దశకం మొదట్లో నెల్లూరు తీరం పొడవునా రొయ్యల చెరువులు వెలిశాయి. హేచరీ నుంచి రొయ్యపిల్లను నీరు, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో చెరువుకు చేర్చాలి. సంచిలో ఆక్సిజన్ అయిపోయేలోపు చేరాలి. దారిలో బండి ఆగితే ఆ సంచితోపాటు అప్పు తెచ్చిన పెట్టుబడీ పోతుంది. ఆ రైతుకు బండి వంద మీద పోతుందా అన్నది ప్రశ్న కాదు. తెల్లవారుజామున మొదటి కిక్కుకు స్టార్టవుతుందా అన్నదే ప్రశ్న. రొయ్యల చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరులో వచ్చింది. యెజ్డీ, ఆర్.ఎక్స్.100 ఉత్పత్తి ఆగిన సంవత్సరం కూడా అదే. రెండింటికీ సంబంధం లేదు. కాలక్రమం పక్కపక్కన కనిపించినంత మాత్రాన కార్యకారణం కట్టకూడదని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం.

అభ్యాసం

మీ ఊరిలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న ఒక మోటారు సైకిల్ మేస్త్రీని కలవండి. ఏ బండి ఎంత వేగం పోయేదని అడగవద్దు. ఏ బండికి ఏ భాగం, ఎన్నాళ్లకు, ఎక్కడి నుంచి తెప్పించేవారో అడగండి. ఆ షెడ్డు మూలన పడి ఉన్న, మళ్లీ లేవని బండ్ల గురించి కూడా అడగండి. రోడ్డు మీద ఇంకా తిరుగుతున్న పాత బండ్లు మిగిలినవి మాత్రమే. పాడై తుక్కుకు పోయినవాటి కథ ఆయన ఒక్కడికే తెలుసు. ఆయన చెప్పినది ఆయన మాటల్లోనే రెండు పేజీలు రాసి, తర్వాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.