పాత ఈ-స్కూటర్ మూలన పడిందా? తుక్కుకి అమ్మే ముందు ఇవి చెక్ చేయండి.. లిథియం బ్యాటరీ మార్పిడి నుంచి రూల్స్ దాకా పూర్తి వివరాలు

లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పెట్రోల్ ఖర్చు లేదు.. అని కొన్న లో-స్పీడ్ ఎలక్ట్రిక్ స్కూటర్లు ఇప్పుడు చాలా ఇళ్లలో మెట్ల కింద దుమ్ము పట్టి ఉన్నాయి. కొన్న కొత్తలో ఒక్క ఛార్జింగ్‌తో ఊరంతా తిరిగిన బండి, రెండు మూడేళ్లకే వీధి చివర ఆగిపోవడం మొదలవుతుంది. అమ్మిన కంపెనీ ఫోన్ ఎత్తదు. దాంతో "బండి పోయింది" అని పక్కన పడేస్తారు.

నిజానికి చాలాసార్లు పోయేది బండి కాదు, బ్యాటరీ. ఒక్కోసారి బ్యాటరీ కూడా కాదు.. బ్రేక్ లివర్‌లో ఉండే చిన్న స్విచ్! కాబట్టి ఇలాంటి బండిని మళ్లీ రోడ్డెక్కించడం పెద్ద పనేం కాదు. కానీ రిపేర్ పేరుతో తెలియకుండా చేసే రెండు తప్పులు ఇంటి మీదకి తెస్తాయి. ఒకటి, పాత ఛార్జర్‌తోనే లిథియం బ్యాటరీ వాడటం. రెండోది, స్పీడ్ పెంచడం. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి.. వరుసగా చూద్దాం.

అసలు లో-స్పీడ్ అంటే ఏంటి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ప్రకారం బ్యాటరీతో నడిచే బండికి కొన్ని హద్దులు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

- మోటార్ పవర్ 250 వాట్ల లోపు
- గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు
- బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించకూడదు

వీటికి లోబడి, టెస్టింగ్ ఏజెన్సీ అనుమతి పొందిన బండిని చట్టం 'మోటారు వాహనం'గా చూడదు. రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్స్ అడగకపోవడానికి కారణం ఇదే. ఈ హద్దుల్ని గుర్తుంచుకోండి.. అప్‌గ్రేడ్ దగ్గర మళ్లీ పనికొస్తాయి.

ముందు చూడాల్సింది కరెంట్ కాదు

బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు బండి ఆ ఖర్చుకి తగినదో కాదో తేల్చుకోండి.

- ఫ్రేమ్: ఫుట్‌బోర్డ్ కింద, బ్యాటరీ బాక్స్ చుట్టూ తుప్పు చూడండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ కారితే అక్కడే ఇనుము తినేస్తుంది. వెల్డింగ్ జాయింట్ల దగ్గర పగుళ్లు ఉంటే అక్కడితో ఆపేయండి.
- టైర్లు: అరుగుదల ఒక్కటే చూస్తే సరిపోదు. ఎండలో నిలబడ్డ టైర్ పక్కలు పగులుతాయి. టైర్ మీద నాలుగంకెల నంబర్‌లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 1219 అని ఉంటే 2019లో 12వ వారంలో తయారైందని అర్థం.
- బ్రేకులు: డ్రమ్ బ్రేక్ లైనర్లు, కేబుళ్లు ఏళ్ల తరబడి వాడకపోతే పట్టేస్తాయి. వీటిని మార్పించడం చిన్న ఖర్చే, వాయిదా వేయొద్దు.

బండి అసలు కదలట్లేదా? ఈ వరుసలో చెక్ చేయండి

మామూలు మల్టీమీటర్ ఒకటి ఉంటే చాలు. 48 లేదా 60 వోల్టుల బ్యాటరీ సెట్ షార్ట్ అయితే స్పానర్ కూడా కరిగిపోయేంత కరెంట్ పారుతుంది. చేతి ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. వైర్లు విప్పే ముందు సీటు కింద ఎంసీబీ ఆఫ్ చేయండి.

1. ఎంసీబీ, ఫ్యూజ్, తాళం: ఎంసీబీ ఆన్‌లో ఉన్నా లోపల కాంటాక్ట్ కాలిపోయి ఉండొచ్చు. దాని రెండు వైపులా వోల్టేజ్ ఒకేలా ఉందో లేదో చూడండి.

2. బ్రేక్ స్విచ్: బ్రేక్ నొక్కగానే మోటార్‌ని ఆపే స్విచ్ లివర్‌లో ఉంటుంది. వాన నీళ్లు, దుమ్ము చేరి అది ఇరుక్కుంటే బ్రేక్ పట్టినట్టే కంట్రోలర్ అనుకుంటుంది. లైట్లు వెలుగుతాయి, హారన్ మోగుతుంది, బండి మాత్రం కదలదు. ఈ స్విచ్ కనెక్టర్‌ని కాసేపు తీసి చూస్తే విషయం తేలిపోతుంది. టెస్ట్ అయ్యాక కొత్త స్విచ్ వేసి మళ్లీ కలపడం మర్చిపోవద్దు.

3. యాక్సిలరేటర్: దానికి 5 వోల్టుల దాకా సప్లై వస్తుంది. సిగ్నల్ వైర్‌లో, తిప్పకముందు సుమారు 0.8 వోల్టులు, పూర్తిగా తిప్పితే 3.5 నుంచి 4.2 వోల్టుల మధ్య రావాలి. మారకపోతే యాక్సిలరేటర్ మార్చాలి.

4. హాల్ సెన్సర్లు: స్టార్టింగ్‌లో బండి వణుకుతూ, తోస్తే గానీ కదలకపోతే అనుమానం వీటి మీదే. మోటార్ నుంచి వచ్చే ఐదు సన్న వైర్లలో మూడు సిగ్నల్ వైర్లు. ఎంసీబీ, తాళం ఆన్ చేసి చక్రం మెల్లగా తిప్పుతుంటే ఒక్కొక్కటీ సున్నాకి, 5 వోల్టులకి మధ్య మారుతూ ఉండాలి. యాక్సిలరేటర్ మాత్రం ముట్టుకోవద్దు.

చక్రం చేత్తో తిప్పినా బిగుసుగా ఉందా? ఎంసీబీ ఆఫ్ చేసి, కంట్రోలర్ నుంచి మోటార్‌కి వెళ్లే మూడు లావు వైర్లు విడదీయండి. అవి ఒకదానికొకటి తగలకూడదు. అప్పుడు చక్రం తేలిగ్గా తిరిగితే కంట్రోలర్ షార్ట్ అయినట్టు. అప్పటికీ బిగుసుగానే ఉంటే బ్రేక్, బేరింగ్ లేదా మోటార్ వైండింగ్‌లో లోపం. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే మోటార్ బాగున్నా మోటారే మార్చేయాలనే వాళ్ల చేతిలో డబ్బులు పోవు.

కంపెనీ మూతపడ్డా కంగారు అక్కర్లేదు. కంట్రోలర్, యాక్సిలరేటర్, డీసీ కన్వర్టర్ లాంటివి చాలా బండ్లకి ఒకేలా ఉండే సామానే, విడిగా దొరుకుతాయి. వోల్టేజ్, వాట్లు, కనెక్టర్ సరిపోతే చాలు.

బ్యాటరీ పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

48 వోల్టుల బండిలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, 60 వోల్టుల బండిలో ఐదు వరుసగా కలిపి ఉంటాయి. ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున ఒక్కొక్క బ్యాటరీని విడివిడిగా కొలవండి. బాగున్నది సుమారు 12.8 వోల్టులు చూపిస్తుంది. మిగతావి బాగుండి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే సెట్ మొత్తాన్ని కిందికి లాగుతున్నది అదే.

వోల్టేజ్ బాగుందని నమ్మేయొద్దు. లోడ్ పడగానే కూలిపోయే బ్యాటరీలు చాలా ఉంటాయి. బ్యాటరీ షాపులో లోడ్ టెస్టర్ పెట్టించండి.

ఒక్కటే పోయింది కదా అని మూడు పాతవాటి మధ్య ఒక కొత్తది వేస్తే లాభం ఉండదు. కొత్తది పాతవాటితో సమానంగా ఛార్జ్ అవ్వదు, డిశ్చార్జ్ అవ్వదు. కొన్ని నెలలకే అదీ మూలపడుతుంది. మారిస్తే సెట్ మొత్తం మార్చాలి.

లెడ్ యాసిడా? లిథియమా?

48 వోల్టులు, 24 ఆంపియర్ అవర్ సెట్ తీసుకుందాం. రెండూ గుణిస్తే 1152 వాట్ అవర్లు, అంటే యూనిట్‌కి కాస్త ఎక్కువ. ఇలాంటి బండి కిలోమీటర్‌కి సుమారు 25 వాట్ అవర్లు తింటుందనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

- లెడ్ యాసిడ్: నిజంగా వాడుకోగలిగేది 60 శాతం అనుకుంటే 690 వాట్ అవర్లు. అంటే 27-28 కిలోమీటర్లు. సెట్ బరువు 25 నుంచి 30 కిలోలు. సాధారణంగా రెండు మూడేళ్లు.
- లిథియం (ఎల్ఎఫ్‌పీ రకం): అంతే ఆంపియర్ అవర్ ఉన్న 51.2 వోల్టుల ప్యాక్‌లో 90 శాతం వాడుకోవచ్చు. 1100 వాట్ అవర్లు, సుమారు 44 కిలోమీటర్లు. బరువు 10-12 కిలోలు. మంచి సెల్స్ అయితే 1500 సార్లకు పైగా ఛార్జ్ చేయొచ్చు.

కొనేటప్పుడు లిథియం ఖరీదెక్కువ. రోజూ 20-30 కిలోమీటర్లు తిరిగే వాళ్లకి అది తిరిగొస్తుంది. వారానికి రెండుసార్లు కూరగాయలకి వెళ్లే పెద్దవాళ్లకి లెడ్ యాసిడే చాలు.

లిథియం పెట్టిస్తే బ్యాటరీ ఒక్కటే మారితే సరిపోదు

- ఛార్జర్: ఇది కచ్చితంగా మార్చాలి. 16 సెల్స్ ఉన్న ఎల్ఎఫ్‌పీ ప్యాక్ 58.4 వోల్టుల దగ్గర ఆగాలి. 13 సెల్స్ ఉన్న ఎన్ఎంసీ ప్యాక్ 54.6 దగ్గరే ఆగాలి. పాత లెడ్ యాసిడ్ ఛార్జర్ 59 వోల్టుల దాకా వెళ్తుంది, నిండాక కూడా కొద్దికొద్దిగా ఇస్తూనే ఉంటుంది. పైకి రెండింటి మీదా "48 వోల్టులు" అనే రాసి ఉంటుంది. ప్రమాదం అక్కడే ఉంది.
- బీఎంఎస్: ప్యాక్ లోపల ఉండే కాపలా సర్క్యూట్ ఇది. కంట్రోలర్ లేబుల్ మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చూడండి. బీఎంఎస్ అంతకంటే ఎక్కువ మోయాలి. తక్కువైతే ఫ్లైఓవర్ ఎక్కుతుండగా బండి ఒక్కసారిగా ఆగిపోతుంది.
- మీటర్: పాత బ్యాటరీ మీటర్‌ని నమ్మొద్దు. ఎల్ఎఫ్‌పీ వోల్టేజ్ చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. మీటర్ ఫుల్ చూపిస్తూనే ఉండి ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. ఆంపియర్ అవర్లు లెక్కపెట్టే మీటర్ గానీ, ఫోన్‌లో చూపించే బీఎంఎస్ గానీ పెట్టించుకోండి.
- ఫిట్టింగ్: ప్యాక్ చిన్నది కాబట్టి పాత బాక్స్‌లో ఖాళీ మిగులుతుంది. గతుకుల్లో కొట్టుకోకుండా రబ్బర్ షీట్, క్లాంపులతో బిగించాలి.

సెల్స్ కొత్తవా, పాత ప్యాకుల నుంచి తీసినవా అని అడగండి. బిల్లు మీద సెల్ రకం, ఆంపియర్ అవర్లు, వారంటీ రాయించండి. రాయనంటే ఆ షాపు వదిలేయండి. బాగా తక్కువ ధర చెప్తున్నారంటే ఎక్కడో ఒకచోట కోత పడిందనే అర్థం.

ఛార్జింగ్ విషయంలో ఎందుకింత జాగ్రత్త?

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లాలో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన ఈ-స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఈ-స్కూటర్ల షోరూమ్‌లో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మేసి 8 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ని కఠినం చేసింది. కొత్త నిబంధనలు 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. మీరు వీధి షాపులో కట్టించుకునే ప్యాక్‌కి మాత్రం అలాంటి పరీక్షలేవీ జరగవు. జాగ్రత్త మీ చేతుల్లోనే ఉంటుంది.

- మంచం పక్కన, మెట్ల కింద, గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టొద్దు. మంట వస్తే బయటికెళ్లే దారే మూసుకుపోతుంది.
- అందరూ పడుకున్నాక ఛార్జింగ్ వద్దు.
- ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాదు, అరగంట చల్లారనివ్వండి.
- ప్యాక్ ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్లలో మునిగినా మళ్లీ ఛార్జ్ చేయొద్దు.

స్పీడ్ పెంచితే ఏమవుతుంది?

"ఒక వైర్ కట్ చేస్తే 45 వెళ్తుంది సార్" అనే మెకానిక్‌లు ఉంటారు. వెళ్తుంది కూడా. కానీ 25 దాటిన క్షణం నుంచి అది చట్టం ముందు మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు. ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాల్సి రావచ్చు.

ఇంకా పెద్ద చిక్కు పిల్లలతో. "లైసెన్స్ అక్కర్లేదు కదా" అని ట్యూషన్‌కి ఇచ్చి పంపే బండి ఇదే. మోటారు వాహనాన్ని మైనర్ నడిపి నేరం జరిగితే, మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకి లేదా ఓనర్‌కి మూడేళ్ల దాకా జైలు, రూ.25 వేల జరిమానా పడే అవకాశం ఉంది.

సాంకేతికంగానూ నష్టమే. 48 వోల్టుల బండికి 60 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే, చాలా కంట్రోలర్లలో ఉండే 63 వోల్టుల కెపాసిటర్లు ఫుల్ ఛార్జ్ వోల్టేజ్‌ని తట్టుకోలేవు. 25 వేగానికి సరిపోయే డ్రమ్ బ్రేకులు 45కి సరిపోవు.

మరి ఏం మార్చుకోవచ్చు? ఎల్ఈడీ హెడ్‌లైట్, కొత్త టైర్లు, మంచి ఎంసీబీ, అదే వోల్టేజ్, అదే పవర్ ఉన్న సైన్ వేవ్ కంట్రోలర్. చివరిదానితో మోటార్ కీచుమనే శబ్దం తగ్గి, స్టార్టింగ్ మెత్తగా ఉంటుంది.

పాత బ్యాటరీలు ఏం చేయాలి?

లెడ్ యాసిడ్‌కి తూకం లెక్కన ధర ఉంటుంది, ఎక్స్ఛేంజ్‌లో తగ్గించమని అడగండి. పగలగొట్టొద్దు, లోపల యాసిడ్, సీసం ఉంటాయి. లిథియం ప్యాక్‌ని చెత్త బండిలో వేస్తే చెత్తలోనే మంటలు రావచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల్ని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా, సేకరణ లేదా రీసైక్లింగ్ చేసే వాళ్లకి ఇవ్వాలి.

తరచూ అడిగే ప్రశ్నలు

రిపేర్ వద్దనుకోవాల్సింది ఎప్పుడు?
ఫ్రేమ్ పగిలినా, మోటార్, కంట్రోలర్, బ్యాటరీ మూడూ పోయినా ఆగి ఆలోచించండి. మొత్తం ఖర్చు కొత్త లో-స్పీడ్ బండి ధరలో సగం దాటుతుంటే కొత్తదే నయం.

నెలల తరబడి వాడకపోతే?
లెడ్ యాసిడ్‌ని ఫుల్ ఛార్జ్ చేసి పెట్టి, నెలకోసారి మళ్లీ ఛార్జ్ చేయండి. లిథియంని సగం ఛార్జ్‌తో ఉంచండి. రెండింటికీ ఎంసీబీ ఆఫ్ చేయాలి.

హెల్మెట్ అవసరమా?
25 వేగంతో పడినా తలకి తగిలేది రోడ్డే. పెట్టుకోండి.