బావి దగ్గర మొదలైన గొడవ: ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’



క్రిందటి వారం ఒక మిత్రుడి ఇంట్లో భోజనాలయ్యాక మాటలు సినిమాల మీదకి మళ్ళాయి. ‘ఈ రోజుల్లో సినిమాలు మరీ హద్దు మీరుతున్నాయండీ, మన పాత సినిమాలే నయం, ఏ గొడవా లేకుండా హాయిగా ఉండేవి’ అన్నారొక పెద్దాయన. అందరం తలలూపాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఆ మాట అంత నిజం కాదనిపించింది. ఎనభై ఏళ్ళకి పైగా క్రితమే మన తెలుగులో జనాన్ని ఉలిక్కిపడేలా చేసిన సినిమాలు రెండు వచ్చాయి. వాటిలో రక్తపాతం లేదు, అసభ్యత లేదు. ఆ కథే ఈ రోజు చెబుతాను.

రెండు సినిమాలకీ దర్శకుడు ఒక్కరే, గూడవల్లి రామబ్రహ్మం గారు. సినిమాల్లోకి రాకముందు ఆయన ‘ప్రజామిత్ర’ పత్రిక సంపాదకులు. అప్పట్లో తెలుగు సినిమా అంటే ఎక్కువగా పురాణాలే. గాంధీగారు హరిజన నిధి కోసం 1933 చివర్లో ఆంధ్ర జిల్లాలు తిరిగారు. 1936లో తిరువాన్కూరు మహారాజు తన సంస్థానంలో గుళ్ళ తలుపులు అందరికీ తెరిపించారు. పత్రికల్లో ఇంత చర్చ జరుగుతున్నా, తెర మీద మాత్రం దేవుళ్ళే తిరుగుతున్నారు.

అలాంటి సమయంలో, 1938లో ‘మాలపిల్ల’ వచ్చింది. కథ చలం గారిది. మాటలు తాపీ ధర్మారావు గారివి, అవీ మనుషులు ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులోనే. గుడి పెత్తనం చేసే ఒక బ్రాహ్మణుడి కొడుకు మాలపల్లెలోని అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయిగా కాంచనమాల, తండ్రిగా గోవిందరాజుల సుబ్బారావు గారు నటించారు. ఊరి బావిలో నీళ్ళు ఎవరు తోడుకోవాలి, గుళ్ళోకి ఎవరు రావాలి అన్నదే అసలు తగువు. అంతవరకూ ఊరి చివరే ఉంచేసిన మాటని గోడల మీద పోస్టర్ల నిండా సినిమా పేరుగా రాయడమే చాలామందికి మింగుడు పడలేదు. ఛాందసులు మండిపడ్డారు. దానికి జవాబుగా రామబ్రహ్మం గారు బ్రాహ్మణులకి టిక్కెట్టు లేకుండా ఉచితంగా చూపిస్తామని ప్రకటించారని చెప్పుకుంటారు. సినిమా మాత్రం బాగా ఆడింది.

మరుసటి ఏడాది, 1939లో, ‘రైతుబిడ్డ’ వచ్చింది. ఈసారి గురి జమీందారీ మీద. అప్పులపాలైన రైతు, షావుకారు ఒత్తిడి, ఊళ్ళో ఎన్నికలు, ‘దొరగారు చెప్పినవాడికే ఓటెయ్యాలి’ అనే బెదిరింపు, ఇదీ కథ. రైతు పాత్ర వేసింది సాక్షాత్తూ బళ్ళారి రాఘవ గారు. పాటలు రాసినవారిలో కొసరాజు గారు ఒకరు. 1937 ఎన్నికల్లో అంతవరకూ మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజాగారే వి.వి. గిరి గారి చేతిలో ఓడిపోయారు. రెవిన్యూ మంత్రి ప్రకాశం గారి ఆధ్వర్యంలో ఒక కమిటీ జమీందారీల మీద విచారణ జరిపింది. అలా పుండు మీద కారం చల్లినట్టుగా ఈ సినిమా వచ్చింది. జమీందార్లు ఊరుకుంటారా? కొన్నిచోట్ల ప్రదర్శన నిషేధించారు. 1918 నాటి సినిమా చట్టం ప్రకారం, సెన్సారు బోర్డు ఒప్పుకున్న సినిమానైనా తన జిల్లాలో ఆపేసే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకి ఉండేది.

ఇందులో ఒక వింత ఉంది. ఈ సినిమాలు తీసిన సారథి సంస్థకి అధ్యక్షులు చల్లపల్లి రాజాగారు. అంటే, జమీందారీని తిట్టిన సినిమా వెనక ఉన్నదీ ఒక జమీందారే!

నా దృష్టిలో ఈ రెండు సినిమాలకీ ఒక పరిమితి కూడా ఉంది. ‘మాలపిల్ల’లో పెద్దాయన మనసు ఎప్పుడు మారుతుంది? ఇల్లు తగలబడుతుంటే ఒక హరిజనుడు మంటల్లోకి దూకి ఆయన భార్యని కాపాడినప్పుడు. అంటే గుడి మెట్టెక్కడానికి ముందు ప్రాణాలకి తెగించి మంచితనం రుజువు చేసుకోవాలన్నమాట. మిగతావాళ్ళనెవరినీ ఆ పరీక్ష అడగలేదు కదా! అయినా, 1938లో ఆ మాత్రం చెప్పడానికీ గుండె కావాలి.

ఇదంతా ఇక్కడ ఉన్న మనకెందుకు అంటారా? ఆ సినిమాలో ప్రేమికులు ఊళ్ళో బతకలేక కలకత్తా వెళ్ళిపోతారు. ఊరు దాటితే కులం దాటవచ్చని వాళ్ళ ఆశ. మనం కలకత్తా కాదు, సముద్రాలే దాటాం. అయినా కొత్తగా పరిచయమైన తెలుగువాడిని ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడుగుతాం. ఎందుకు అడుగుతున్నామో మనకీ తెలుసు, అవతలివాడికీ తెలుసు. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అంటే మన సూట్‌కేసుల్లో ఆవకాయతో పాటు ఇంకేమి వచ్చిందో ఆ నగరానికి కూడా తెలిసిపోయింది.

చూసేవాడిని సిగ్గుపడేలా చేసే సినిమాలు రెండు రకాలు. ఒకటి తెర మీద ఉన్నదాన్ని చూసి సిగ్గుపడేలా చేస్తుంది, రెండోది మనల్ని మనం చూసుకుని సిగ్గుపడేలా చేస్తుంది. రామబ్రహ్మం గారు తీసినవి రెండో రకం. ఆయన 1946లో, నిండా యాభై ఏళ్ళు రాకముందే పోయారు. ఈసారి ‘పాత సినిమాల్లో ఏ గొడవా లేదు’ అని ఎవరైనా అంటే, మీ పిల్లలకి ఆ బావి కథ చెప్పండి. ‘ఆ నీళ్ళు వాళ్ళెందుకు తాగకూడదు నాన్నా?’ అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. జవాబు మాత్రం మనమే వెతుక్కోవాలి.

మళ్ళీ కలుద్దాం. సెలవు.