మొబైల్ రేడియో ప్రసారం: పెందుర్తి నుంచి అరకు దాకా

కదులుతున్న మనిషి చేతిలోని ఫోనుకూ, ఒకచోట నిలిచి ఉన్న టవరుకూ మధ్య రేడియో తరంగాల మీద మాటనూ సమాచారాన్నీ చేరవేసే పద్ధతి మొబైల్ రేడియో ప్రసారం. ఇందులో తీగలేని దూరం నిజానికి కొంచెమే. ఫోను నుంచి దగ్గరి టవరు దాకానే గాలిలో ప్రయాణం. అక్కడి నుంచి ఎక్కువ దారి నేలలోని ఆప్టికల్ ఫైబర్ మీదనో, టవరు నుంచి టవరుకు వేసిన మైక్రోవేవ్ లింకు మీదనో సాగుతుంది. అయితే చాలా చిక్కులు ఆ కొంచెం దూరంలోనే ఉన్నాయి.

విశాఖపట్నం శివారులోని పెందుర్తిని చూస్తే ఆ చిక్కులేమిటో తెలుస్తుంది. ఊరికీ సముద్రానికీ మధ్య సింహాచలం కొండలు అడ్డంగా ఉన్నాయి. ఊరి మీదుగా హౌరా–చెన్నై రైలు మార్గం పోతుంది. పక్కనున్న కొత్తవలస దగ్గర అరకు మీదుగా కిరండూల్ వెళ్లే లైను చీలుతుంది. కొండ, జనసమ్మర్దం, రైలు వేగం, సొరంగం ఒకే దారిలో ఎదురవుతాయి.

తరంగం, కొండ నీడ

సెకనుకు 90 కోట్ల సార్లు కంపించే 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 1800 మెగాహెర్ట్జ్‌లో అది సగమవుతుంది. 5జీకి వాడుతున్న 3300–3600 మెగాహెర్ట్జ్ పట్టీలో 9 సెంటీమీటర్ల దగ్గరికి వస్తుంది. పొడవైన తరంగం కొండ అంచు దగ్గర కొంత వంగుతుంది, గోడల్లోంచి కొంత దూరుతుంది. పొట్టి తరంగం అంతగా వంగదు, కానీ ఆ పట్టీలో చోటు ఎక్కువ కాబట్టి ఎక్కువ సమాచారం మోయగలదు. అందుకే విస్తారమైన పల్లె ప్రాంతాలకు తక్కువ ఫ్రీక్వెన్సీలు, కిక్కిరిసిన నగరాలకు ఎక్కువ ఫ్రీక్వెన్సీలు అనువుగా ఉంటాయి.

ఫోనుకు చేరేది ఒక్క తరంగం కాదు. నేరుగా వచ్చింది ఒకటైతే, కొండను తాకి వచ్చింది మరొకటి, మేడ గోడనూ గూడ్సు బండి వ్యాగన్లనూ తాకి వచ్చినవి ఇంకొన్ని. ఇవి ఒకచోట కలిసి బలపడతాయి, మరోచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 900 మెగాహెర్ట్జ్‌లో ఈ రెంటి మధ్య తేడా జానెడు దూరంలోనే రావచ్చు. పెందుర్తి ప్లాట్‌ఫారం మీద ఫోను మాట్లాడుతూ ఒక్క అడుగు పక్కకు జరిగితే తెగిపోతున్న మాట స్పష్టంగా వినిపించడానికి కారణం ఇదే. ఈ హెచ్చుతగ్గులను ఇంజినీర్లు ఫేడింగ్ అంటారు.

రైలు కదిలితే దీనికి డాప్లర్ ప్రభావం తోడవుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 900 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు 83 హెర్ట్జ్ వరకు అటూ ఇటూ జరుగుతుంది. ఫోను ఈ జరుగుబాటును నిరంతరం సరిదిద్దుకుంటూనే ఉండాలి.

సెల్ అనే ఏర్పాటు

రేడియో ఫ్రీక్వెన్సీలు పరిమితం, వాడేవాళ్లు కోట్లమంది. ఒక పెద్ద టవరు పెట్టి నగరమంతటికీ వాడితే కొద్దిమందే మాట్లాడగలరు. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు దీనికి విరుగుడు సూచించారు. ప్రాంతాన్ని చిన్న సెల్‌లుగా విడగొట్టి, ఒక్కోదానికి తక్కువ శక్తి గల టవరు పెట్టి, కొంత దూరం తర్వాత అవే ఫ్రీక్వెన్సీలను మళ్లీ వాడుకోవాలన్నారు. జనం పెరిగినచోట సెల్‌ను ఇంకా చిన్నది చేస్తే సరిపోతుంది. విశాఖలోని గాజువాక, ఎన్‌ఏడీ కూడలి లాంటి రద్దీ చోట్ల టవర్లు దగ్గర దగ్గరగా ఉండాల్సిందీ, పొలాల మధ్య దూరంగా ఉన్నా సరిపోయేదీ అందుకే.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడినది. కొన్ని దేశాలు ముందు అనలాగ్ సెల్ ఫోన్లతో మొదలుపెట్టి తర్వాత మారాయి. భారత్ నేరుగా జీఎస్‌ఎం అనే డిజిటల్ పద్ధతితోనే మొదలుపెట్టింది.

మాట అంకెలయ్యే తీరు

జీఎస్‌ఎం ఫోను గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తుంది. 20 మిల్లీసెకన్ల మాటకు 160 కొలతలు వస్తాయి. వాటిని ఉన్నవున్నట్టు పంపకుండా, గొంతు తీరును వర్ణించే 260 బిట్లుగా కుదిస్తుంది. తర్వాత, పోతే మాట అర్థం కాని బిట్లు ఏవో చూసి, వాటికి తప్పులు దిద్దే అదనపు బిట్లు చేర్చి మొత్తం 456 చేస్తుంది. చివరగా వాటిని కలగలిపి ఎనిమిది ముక్కలుగా విడివిడిగా పంపుతుంది. ఫేడింగ్ వల్ల ఒక ముక్క పాడైనా నష్టం చెదిరిపోతుంది కాబట్టి మిగతావాటి సాయంతో మాటను తిరిగి అల్లుకోవచ్చు.

200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక జీఎస్‌ఎం చానల్‌ను ఎనిమిది మంది పంచుకుంటారు. వీధి కుళాయి కింద ఎనిమిది బిందెలను వరుసగా పెట్టి తీసినట్టు, ఒక్కొక్కరికి 577 మైక్రోసెకన్ల వంతు వస్తుంది. ఇది 4.615 మిల్లీసెకన్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి మాట తెగినట్టు చెవికి తెలియదు.

4జీ పద్ధతి వేరు. 20 మెగాహెర్ట్జ్ చానల్‌ను 15 కిలోహెర్ట్జ్ ఎడంతో 1200 సన్నని ఉపవాహకాలుగా చీలుస్తుంది. సిగ్నల్ బాగుంటే ఒక్కో సంకేతం మీద ఆరు లేదా ఎనిమిది బిట్లు ఎక్కిస్తుంది, బలహీనపడితే రెండుకు దిగుతుంది. చానల్ వెడల్పు, సిగ్నల్‌కూ రొదకూ ఉన్న నిష్పత్తి కలిసి ఎంత సమాచారం పోగలదో నిర్ణయిస్తాయని క్లాడ్ షానన్ 1948లోనే నిరూపించారు. రైలు ఊరు దాటగానే వీడియో ఆగి ఆగి రావడం వెనక ఉన్నది ఈ హద్దే.

అరకు లైను

బండి పెందుర్తి దాటుతుంటే ఫోను చుట్టుపక్కల టవర్ల బలాన్ని కొలుస్తూ నెట్‌వర్కుకు చెబుతుంటుంది. పాత టవరు బలహీనపడి కొత్తది బలపడినప్పుడు కాల్ తెగకుండా మార్చడమే హ్యాండోవర్. మైదానంలో ఇది సాఫీగా జరుగుతుంది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక కథ మారుతుంది. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. బయటి టవరు తరంగం సొరంగంలోకి కొద్ది దూరమే దూరుతుంది. లోయ మలుపులో పాత టవరు కొండ చాటుకు పోయి, కొత్తది ఇంకా అందకపోతే చేయి మార్చే వీలుండదు, కాల్ తెగుతుంది. లోపలా సిగ్నల్ ఉండాలంటే సొరంగం పొడవునా తరంగాలు విడిచే ప్రత్యేక కేబుల్ వేయాలి.

హుద్‌హుద్ పరీక్ష

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. విశాఖ నగరంలోనూ శివార్లలోనూ ఫోన్లు మూగబోయాయి. తరంగాలకు తుఫానుతో పెద్ద ఇబ్బంది లేదు. కూలినవి కరెంటు స్తంభాలు, తెగినవి కేబుళ్లు, అయిపోయినవి టవర్ల దగ్గరి బ్యాటరీలూ జనరేటర్ల డీజిలూ. తీగలేని ఫోను తీగల మీద ఎంతగా ఆధారపడి ఉందో విశాఖ ఆ వారంలో చూసింది. ఇప్పుడు ఆపదలో ఒక కంపెనీ చందాదారులు మరో కంపెనీ టవరును వాడుకునే ఏర్పాటు ఉంది. ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్‌ను 2023లో దేశవ్యాప్తంగా పరీక్షించారు.

తుఫాను రోజుల్లో కాల్ కలవకపోతే ఎస్‌ఎంఎస్ పంపడం మేలు. ఒక సందేశం 140 బైట్లే. దారి కాసేపు దొరికినా చాలు, వెళ్లిపోతుంది. అవతలి ఫోను ఆగి ఉన్నా నెట్‌వర్కు దాచి తర్వాత అందిస్తుంది. ఇంగ్లిషు లిపిలో రాస్తే అందులో 160 అక్షరాలు పడతాయి, తెలుగు లిపిలో 70 మాత్రమే. గుణింతం, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి ‘పెందుర్తి’ ఒక్కటే తొమ్మిది తీసుకుంటుంది. అందుకని ఎక్కడున్నారో, ఏం కావాలో ముందు రాయండి, క్షేమ సమాచారాలు తర్వాత. ప్రాణాపాయమైతే 112కు ఫోను చేయండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అందుబాటులో ఉన్న మరే నెట్‌వర్కు మీదైనా ఆ కాల్ వెళ్లగలదు.