లావు తీగలు, మద్రాసు రైలు

ఏలూరు, తాడేపల్లిగూడెం రెండూ హౌరా–మద్రాసు రైలు మార్గం మీదున్న ఊళ్లు. ఈ సంగతి వదిలేస్తే ఇక్కడి బేస్ గిటారు చరిత్రే లేదు. ఆ లైనుకు ఒక కొసన కలకత్తా ఉంది. రవీంద్ర సరణిలో, లాల్‌బజార్ దగ్గర వరసగా వాయిద్యాల దుకాణాలు. గివ్సన్ గిటార్లు తయారయ్యే ఊరు. రెండో కొసన మద్రాసు. 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ దుకాణం ఉన్న మౌంట్ రోడ్డు, తెలుగు సినిమా పాటలు రికార్డయిన స్టూడియోలు. మాకు గిటారు కలకత్తా నుంచి వచ్చింది, దాని మీద వాయించాల్సిన పాట మద్రాసు నుంచి వచ్చింది.

నేను పుట్టింది ఏలూరులో. గూడెం అని మేం పిలిచే తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్లో గుమాస్తాగా పద్దులు రాశాను. పగలు కర్నూలు లారీలు, మహారాష్ట్ర లారీలు దిగుమతి చూసుకుని, రాత్రిళ్లు ఆర్కెస్ట్రాలో, ఆదివారాలు చర్చిలో బేస్ వాయించాను. పొట్టకూటికి కాదు, ఇష్టం కొద్దీ. మా ప్రాంతంలో ఈ వాయిద్యం కథ తలుచుకుంటే ఒక విషయం మిగతావన్నీ దాటుకుని ముందుకొస్తుంది. చాలా ఏళ్లపాటు ఇక్కడ బేస్ గిటారు వాయించినవాడు వేరు, దాని సొంతదారు వేరు.

కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అప్పటిదాకా అక్కడి బ్యాండుల్లో మంద్ర స్వరాలకు మనిషెత్తు డబుల్ బేస్ ఉండేది. దాన్ని మోసుకు తిరగడం ఒక యాతన, పది వాయిద్యాల మధ్య వినిపించడం ఇంకో యాతన. ఫెండర్ దాన్ని మెడలో తగిలించుకునేలా చేశాడు. నాలుగే తీగలు, తీగ పొడవు 34 అంగుళాలు, వేలు తడబడకుండా ఫ్రెట్లు. తీగల శ్రుతి ఇ, ఎ, డి, జి. మా హార్మోనియం మాస్టారు దాన్ని తన లెక్కలో చెప్పేవారు: "మూడు, ఆరు, రెండు, అయిదు కట్టుకోరా అబ్బాయ్." నాకిప్పటికీ ఆ అంకెలే ముందు గుర్తొస్తాయి.

మా వైపు పెళ్లిళ్లలో, నాటకాల్లో మంద్రం అంటే హార్మోనియం ఎడమ పక్క రీడ్లు, బ్యాండు మేళంలో యుఫోనియం. కింద ఇంకో పాట విడిగా నడవొచ్చన్న ఊహ మాకు చర్చిలోనే అలవాటైంది. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు 1850లలోనే పని మొదలుపెట్టారు. పురుషోత్తమ చౌధరి గారి వంటి వారి కీర్తనలు మన రాగతాళాల్లోవే, వాటికి హార్మోనియం, తబలా చాలు. కాని ఇంగ్లీషు వరసల పాటలు నాలుగు గొంతులకు రాసి ఉండేవి. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్. క్రిస్మస్‌కు ముందు క్వయర్ ప్రాక్టీసులో మగపిల్లల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టి ఆ నాలుగో వరస విడిగా నేర్పేవారు. అది ఒంటరిగా పాడితే పాటలా ఉండదు. అందరూ కలిసినప్పుడే దాని పని తెలుస్తుంది. ఆ బెంచీల్లో కూర్చున్న పిల్లల చేతికే తర్వాత బేస్ గిటారు వచ్చింది. నేను మొదట పట్టుకున్న బేస్ కూడా చర్చిదే. బీరువాలో పెట్టి తాళం వేసేవారు, తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర ఉండేది.

ఇక మాలో ఆశ పుట్టించిన మనిషి ఇళయరాజా. ఈ మాట దాచుకోవలసిన పనిలేదు. అంతకుముందు ఆర్కెస్ట్రాలో బేస్ అంటే షడ్జమం, పంచమం పట్టుకుని తాళానికి తోడు నడవడమే. ఆయన పాటల్లో బేస్ తన దారిన తాను నడిచింది. పల్లవి ఒకలా వెళ్తుంటే కింద అది ఇంకోలా వెళ్లి, సరిగ్గా సమానికి వచ్చి కలిసేది. ఆ పాటల్లో చాలావాటికి బేస్ వాయించిన శశిధరన్ గారి పేరు మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ల పేర్లుండేవి, వాయించినవాళ్లవి ఉండేవి కావు. 1984లో 'సితార', 85లో 'అన్వేషణ', 89లో 'గీతాంజలి'. ఆ క్యాసెట్లు మా టూ-ఇన్-వన్‌లో అరిగిపోయాయి. దాని చిన్న స్పీకరు కింది స్వరాన్ని పలికించలేదు. అందుకని క్యాబినెట్ చెక్కకు చెవి ఆనించి, చేత్తో రివైండ్ నొక్కుతూ ఒక్కో బిట్టు పట్టుకునేవాళ్లం. సాయంత్రం రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసు. మౌంట్ రోడ్డుకు వెళ్లి కొత్త బేస్ తీగలు తెచ్చుకోవడం మా బృందంలో ఒక పండగ.

కొనడం మాత్రం వేరే సంగతి. 1991కి ముందు విదేశీ వాయిద్యాల మీద దిగుమతి సుంకం చాలా ఎక్కువ. ఫెండర్లు, యమహాలు మద్రాసు స్టూడియో వాళ్ల చేతుల్లోనో, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల పెట్టెల్లోనో కనిపించేవి. మాకు దిక్కు కలకత్తా బేస్. బరువైనది, మెడ లావు, తీగకూ ఫ్రెట్లకూ మధ్య ఎడం ఎక్కువ. గంట వాయిస్తే ఎడమ చేతి చిటికెన వేలు స్వాధీనం తప్పేది. అదైనా ఆర్కెస్ట్రా ఓనరు కొనేవాడు. గిటారు, యాంప్లిఫయరు, డ్రమ్ములు అన్నీ ఆయనవే; మేం ప్రోగ్రాంకు ఇంత అని తీసుకుని వాయించేవాళ్లం. ప్రాక్టీసు చేసుకోవాలంటే ఆయనింటి అరుగు మీదే. బయానా పుచ్చుకున్న రోజున గిటారు ఎవరిదన్న మాటే రాదు. బృందంలో మాట తేడా వచ్చిన రోజున మాత్రం మొదట బీరువాలోకి వెళ్లేది అదే.

తీగలు తెగేదాకా మార్చేవాళ్లం కాదు. చెమట, జిడ్డు చుట్టల సందుల్లో చేరి తీగ మూగబోతుంది. అప్పుడు నాలుగూ విప్పి, చుట్టగా చుట్టి, అన్నం గిన్నెలో నీళ్లు పోసి మరిగించాలి. నీళ్లు నల్లగా దిగుతాయి. గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ బిగిస్తే ఒక వారం రోజులు కొత్త తీగల్లా ఖంగుమంటాయి. మా అమ్మ ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడనిచ్చేది కాదు, అది నా గిటారు గిన్నె అయిపోయింది.

కొల్లేటి లంకల్లో ప్రోగ్రాంలు వేరే పరీక్ష. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు, ఆ చుట్టుపక్కల సంబరాలకు ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఆర్కెస్ట్రాలు వెళ్లేవి. దారి లేని లంకకు తాటి దోనెలో యాంప్లిఫయరు మోకాళ్ల మీద పెట్టుకుని దాటిన రోజులున్నాయి. స్టేజీ మీద నా వెనక బాక్సులో బేస్ నిండుగా మోగేది. దూరాన సరుగుడు బాదులకు కట్టిన హారన్లలో మాత్రం టక్ టక్ మనే చప్పుడే. తప్పు మైకుసెట్టు వాళ్లది కాదు. మూడో శ్రుతి లావు తీగ సెకనుకు 41 సార్లు కదులుతుంది. ఆ కదలికను పలికించాలంటే పెద్ద కాగితపు కోను కావాలి, నోరు తెరిచిన హారన్‌కు అది చేతకాదు. అంతేకాదు, జనరేటరు కరెంటు 50 సైకిళ్లు. ఆ రొద నా యాంప్లిఫయరులో సన్నగా ఉండనే ఉండేది. లావు తీగ మూడో ఫ్రెట్టు మీద జి స్వరం 49. ఆ ఫ్రెట్టు నొక్కి పట్టినప్పుడల్లా స్వరమూ రొదా పక్కపక్కన చేరి, ఊఁ ఊఁ అని ఊగేవి. ఐదో శ్రుతిలో పాట వస్తే నేను ఆ స్వరాన్ని పైన, డి తీగ ఐదో ఫ్రెట్టు మీద పట్టుకునేవాణ్ణి. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, కొల్లేరు నేర్పింది.

ఎనభైల నుంచి చేపల చెరువులు పెరిగేకొద్దీ ఆ ఊళ్ల సంబరాలూ పెరిగాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ప్రభుత్వం చెరువు గట్లు కొట్టేసిన ఏడాది మాకు అటునుంచి బయానాలు రాలేదు. పక్షుల అభయారణ్యం నిలవాలన్నది న్యాయమే. కాని చెరువు పోయిన ఇంట్లో పెళ్లికి ఆర్కెస్ట్రా మాట ఎవరెత్తుతారు?

ఒకసారి మా బేస్ మెడ కొసన తీగలు ఆనే ఎముక బద్ద విరిగింది. మద్రాసుకు పంపితే నెల పడుతుంది. నూజివీడు వెళ్లాను. పనస కర్రతో వీణలు చేసే ఊరది, ఇప్పుడు మా ఏలూరు జిల్లాలోనే ఉంది. వీణ మేళం కట్టే పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, మీటి, చెవి దగ్గర పెట్టుకుని అడిగారు: "మైనం లేదు, మెట్లు కదలవు. గమకం ఎలా పలికిస్తావు బాబూ?" తీగను పక్కకు లాగి చూపించాను. తలూపారు. గేదె కొమ్ము ముక్క తీసుకుని నాలుగు గాడులు ఆకురాయితో దింపారు. ఒక్కో గాడి తీగ లావుకు సరిపోయిందో లేదో తీగనే అందులో జరిపి చూశారు, కొలబద్ద పట్టలేదు. ఆ బద్ద గిటారు మూలపడే వరకూ చెక్కు చెదరలేదు. వీణ పనివాళ్లకు బేస్ గిటారు పరాయిది కాదని నాకు ఆ రోజు నమ్మకం కుదిరింది.

తర్వాత కీబోర్డు వచ్చింది. డ్రమ్ముల బదులు వాయించే రోలాండ్ ఆక్టోప్యాడ్ 1985లో మొదలై మెల్లగా మా దాకా చేరింది. క్యాసియోలు, యమహాలు గల్ఫ్ నుంచి దిగాయి. కీబోర్డు ఆయన ఎడమ చేత్తో బేస్ కూడా పలికించేస్తే ఒక మనిషి ఖర్చు మిగులుతుంది. ఓనరు లెక్క అది. సినిమా పాటల్లోనూ సింథ్ బేస్ జోరు పెరిగింది. చాలామంది ఆ రోజుల్లోనే గిటారు వదిలేశారు. రహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ వాయించిన బేస్ విన్నాక నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్లో ఈ వాయిద్యాన్ని నిలబెట్టింది మాత్రం ఆర్కెస్ట్రా కాదు, చర్చి. అక్కడ మనిషి ఖర్చు లెక్క లేదు. వాయించేవాడు ఉంటే చాలు.

నా సొంత బేస్ నేను నడివయసు దాటాక కొనుక్కున్నాను, యమహా. ఇప్పుడు గూడెం ఎన్ఐటీ కుర్రాళ్లు ఫోనులో ఆర్డరు పెట్టి కోర్ట్, ఐబనెజ్ తెప్పించుకుంటున్నారు. నా దగ్గరకొచ్చి "అంకుల్, తీగలు పైకి లేచిపోయాయండి" అంటారు. వానాకాలం మా తేమకు చెక్క ఉబ్బి మెడ వంగుతుంది. మెడలోపలి ఇనప కడ్డీని పావు చుట్టు బిగించి, ఒక రోజు ఆగి చూడమంటాను. వాయించాక పొడిగుడ్డతో తుడవకపోతే కొల్లేటి గాలికి తీగలు తుప్పు పడతాయని చెబుతాను. వాళ్లకు గిటారు సొంతం. అర్ధరాత్రి హెడ్‌ఫోను పెట్టుకుని వాయించుకోగలరు. ఆ సుఖం మా తరం ఎరగదు. వాళ్లను చూస్తే నాకు నిజంగా సంతోషం.

పాత రోజుల్లో వాయించినవాళ్ల జాడ మాత్రం వేగంగా చెరిగిపోతోంది. ఎనభైల, తొంభైల పెళ్లి ఆల్బమ్‌లలో స్టేజీ ఫొటోలుంటాయి. సింగరు వెనక, డ్రమ్ముల పక్కన లావు మెడ గిటారు పట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. అలాంటి ఫొటోలు సేకరించి, వెనక ఆయన పేరు, ఊరు, గిటారు ఎవరిదో రాయించే పని మొదలుపెట్టాను. ఏలూరు, గూడెం, కైకలూరు వైపు ఇళ్లల్లో పాత ఆల్బమ్‌లు పారేయకండి; ఆ ఫొటోల్లోని పెద్దవాళ్లు బతికుండగానే అడిగి ఫొటో వెనక పేర్లు రాసి ఉంచండి.